ఎవరి రూటు వాళ్ళది

భర్త క్లైవ్ పోయాక గ్లెనిస్ వంటింట్లో గిన్నెలు పేరుకుపోయాయి. ఆవిడవి కావు. చుట్టూ గోధుమ పొలాలున్న యారింబా ఊళ్ళో ఎవరింట్లో చావు జరిగినా ఆ వారమంతా ఊరివాళ్ళు మూతగిన్నెల్లో కూరలు తెచ్చి గుమ్మంలో పెట్టిపోతారు. ఎవరి గిన్నె వాళ్ళకి చేరేలా అడుగున కాగితపు ప్లాస్టరు అంటించి ఇంటిపేరు రాస్తారు. తినగలిగింది తిని, మిగిలింది ఫ్రీజర్లో దాచి, గిన్నెలు కడిగి బల్ల మీద వరసగా బోర్లించింది గ్లెనిస్. ఆయన పోయింది ఏప్రిల్లో. అక్టోబరు వచ్చినా గిన్నెలు అక్కడే ఉన్నాయి. వాటిని తిరిగిచ్చేస్తే ఇంక అంతా అయిపోయినట్టే అనిపించేది ఆవిడకి.

వాటిలో ఒకదాని పేరు కడగడంలో చెరిగిపోయింది. నీలం అంచున్న గిన్నె. అది ఎవరిదో ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు.

ఆవిడని మంచం మీద నుంచి లేపేది ఒక్క బస్సే. పడమటి పొలాల్లో ఉన్న పిల్లల్ని పొద్దున బడికి తేవడం, సాయంత్రం దింపడం. పెళ్ళయిన కొత్తలో క్లైవ్ మొదలుపెట్టిన రూటు అది. కోతల రోజుల్లో ఆయన గోధుమ లారీ ఎక్కితే బస్సు గ్లెనిస్ తోలేది. ఆయన పోయాక రెండు పూటలా ఆవిడే. ఆ సీట్లో కూర్చుంటే వెన్ను ఆనే చోట తోలు ఆయన ఆకారానికే లోతుపడి ఉంటుంది. ఆ కాస్త లోతులో తను కూర్చోవడం ఆవిడకి అలవాటైంది.

ఈ బడి ఏడాదితో కాంట్రాక్టు అయిపోతుంది. కొత్తదానికి సర్కారువాళ్ళు టెండరు పిలిచారు. రూటు పోతే బస్సు అమ్మాలి. బస్సు అమ్మితే పొద్దున లేచి ఏం చెయ్యాలో ఆవిడకి తెలీదు. ఆ మాట తలుచుకుంటే చాలు, కూర్చున్నచోట కూర్చోలేకపోయేది. తుడిచిన బల్లే మళ్ళీ తుడిచేది. రేడియో పెట్టి కట్టేసేది. పెరట్లోకి వెళ్ళి ఎందుకొచ్చానా అని నిలబడి, మళ్ళీ లోపలికొచ్చేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం నెవిల్ ఫైఫర్, బెర్నీ మాకీ కలిసి వచ్చారు. ఊళ్ళో మిగతా రెండు బడి బస్సులూ వాళ్ళవే. నెవిల్‌ది ఉత్తరపు రూటు, బెర్నీది ఉప్పుచెరువు రూటు. బెర్నీకి బళ్ళు బాగుచేసే షెడ్డు కూడా ఉంది. ఇద్దరూ క్లైవ్ శవపేటిక మోసినవాళ్ళే. వాళ్ళు టోపీలు తీసి కుర్చీల్లో కూలబడేలోపే గ్లెనిస్ చేతులు వాటంతటవే పిండి కలిపేశాయి. టెండర్ల ముందు క్లైవ్‌తో కలిపి ముగ్గురు మగాళ్ళూ ఈ బల్ల దగ్గర కూర్చోవడం, తను టీ, స్కోన్లనే చిన్న రొట్టెలు పెట్టడం ఎప్పుడూ ఉన్నదే.

"క్లైవ్ ఉన్నప్పటి రుచే గ్లెన్," అన్నాడు నెవిల్, జామ్ పూసుకుంటూ.

"చేసేది నేనే కదా నెవ్. ఆయన తినేవాడు, అంతే."

బెర్నీ నవ్వాడు. నవ్వి, కప్పు కింద పెట్టి, పనిలోకి దిగాడు. "చూడు గ్లెన్, నువ్వేం బెంగ పెట్టుకోకు. పోయినసారి క్లైవ్ వేసిన అంకె ఉంది కదా, దాని మీద కొంచెం పెంచి వెయ్యి. నీ రూటుకి మేమిద్దరం దానికి పైన వేస్తాం, తక్కువ నీదే అవుతుంది కాబట్టి రూటు నీకే. మా రూట్లకి నువ్వు మా పైన వెయ్యి. ఎంతెయ్యాలో నేను చెప్తాలే. చూసేవాళ్ళకి ముగ్గురు పోటీపడ్డట్టే ఉంటుంది."

"ఎప్పుడూ చేసేదే," అన్నాడు నెవిల్ మెత్తగా. "క్లైవ్ పెట్టిన పద్ధతే ఇది. ఎవరి రూటు వాళ్ళది. వాడు మా కడుపులు చూశాడు, మేం నీ కడుపు చూడమా?"

గ్లెనిస్ కళ్ళు తడిశాయి. వీళ్ళుండగా తను ఒంటరిది కాదనిపించింది ఆ క్షణాన. టీ ఇంకాస్త పోసింది.

"ఆ ట్రూడీ మళ్ళీ బస్సు కొందట, విన్నావా?" అన్నాడు బెర్నీ. "నీ రూటు మీదే కన్నేసిందట. అదీ చూసుకుంటాలే. ఫిట్‌నెస్ కాగితం లేకుండా టెండరు తీసుకోరు. బస్సుని కింద నుంచి చూసే గొయ్యి ఈ చుట్టుపక్కల నా షెడ్డులోనే ఉంది. శుక్రవారం గడువు. శుక్రవారం దాటేదాకా నాకు తీరికే లేదు పాపం."

"నీకెప్పుడు తీరికుంది కనక," అన్నాడు నెవిల్. ఇద్దరూ నవ్వారు.

వాళ్ళు వెళ్ళాక గ్లెనిస్ టెండరు కాగితాలు ముందేసుకుంది. క్లైవ్ ఉన్నప్పుడు వాటి జోలికి ఎప్పుడూ పోలేదు. బడి చదువు మధ్యలోనే మానేసిన మనిషి ఆవిడ. వేలు పెట్టి ఒక్కో వరసా చదువుతుంది. చివరి పేజీలో సంతకం చోటుకి పైన ఒక మాట ఉంది. ధర గురించి గానీ, ఎవరు వేస్తారు ఎవరు మానేస్తారు అన్నదాని గురించి గానీ తోటి పోటీదారులతో నేను మాట్లాడలేదు, ఒప్పుకోలేదు. అలా చేస్తే నేరమని, జైలు కూడా ఉంటుందని దాని కింద.

వేలు అక్కడే ఆగిపోయింది. బల్ల మీద జామ్ సీసా మూత ఇంకా తీసే ఉంది. క్లైవ్ దీని కింద ఎన్నిసార్లు సంతకం పెట్టాడో. రోడ్డు మీద పెద్ద అడవి బల్లి అడ్డొస్తే బస్సు ఆపి, దిగి, దాన్ని చేత్తో తీసి గట్టు మీద వదిలే మనిషి. అలాంటివాడు ఈ మాట చదవలేదా? చదివే పెట్టాడా? అడగడానికి ఆయన లేడు. లేనిమనిషి మీద కోపం తెచ్చుకోవడం ఎలాగో తెలీక ఆవిడ లేచి కూర్చుని, కూర్చుని లేచింది.

సోమవారం పిల్లల్ని బడి దగ్గర దింపి బేకరీకి వెళ్ళింది. ట్రూడీ అక్కడే పనిచేస్తుంది. చిన్నప్పుడు క్లైవ్ బస్సులో వెనక సీట్లో కూర్చుని అల్లరి చేసిన పిల్ల. ఇప్పుడు ఇద్దరు బిడ్డల తల్లి అయినా గ్లెనిస్‌ని మిసెస్ హాకింగ్ అనే పిలుస్తుంది.

"మాంసం పఫ్ ఒకటా, రెండా మిసెస్ హాకింగ్?"

"ఒకటే. రెండోది తినేవాడు లేడుగా."

ట్రూడీ చెయ్యి ఆగింది. పఫ్ సంచిలో వేసి, అటూ ఇటూ చూసి అంది: "మీకు నేనే చెప్దామనుకున్నా. మీ రూటుకి టెండరు వేస్తున్నా. అది మా ఇంటి ముందు నుంచే పోతుంది. మొగుడు పోయిన మనిషి నోటి దగ్గరది లాక్కుంటోంది అంటారు, అననీండి. ఎంత వేస్తున్నానో మాత్రం అడగొద్దు, చెప్పను."

"అడగనులే. ఫిట్‌నెస్ వచ్చిందా?"

"బెర్నీ ఇస్తాడా? పోయినసారీ ఇంతే. మీ ఆయన, బెర్నీ, నెవిల్ కలిసి నన్ను బయటికి తోసేశారు. నేను వేసిన రూటు ధర ఒక్కటే నేలకి దించారు, మిగతావి పైకి లేపుకున్నారు. బ్రేకు పోతే షెడ్డులోకి బండి రానివ్వలేదు. సగం ధరకి బస్సు అమ్ముకున్నా. మీకు తెలీదా?"

తెలుసు. స్కోన్లు పెడుతూ చెవిన వేసుకున్నదే. మగాళ్ళ మాటలు మగాళ్ళవి అని మళ్ళీ వంటగట్టు దగ్గరికి పోయింది అప్పుడు.

"మెల్‌బోర్న్‌లో టెండర్ల కుమ్మక్కు పట్టుకునే పోటీ కమిషన్‌కి ఫోన్ చేశా," అంది ట్రూడీ. "లోపలి మనిషి ఎవరైనా చెప్తే బావుంటుంది అన్నారు. ముందుగా నోరు విప్పినవాళ్ళకి మన్నింపు ఉంటుందట. మొదటివాళ్ళకే. రెండోవాళ్ళకి కాదు. ఈ ఊళ్ళో నోరు విప్పేదెవరు?" తర్వాత తనే తేలిక చేసుకుంటూ నవ్వింది. "అయినా మీ రూటు పోతే ఏం? మూడింటికీ కాగితాలు మీ దగ్గరే ఉంటాయిగా, వేరేది కొట్టండి."

"చాల్లే," అంది గ్లెనిస్. ఆ మాట ఒక ఎగతాళిలాగే తీసుకుంది.

ఆ రెండ్రోజులూ ఆవిడకి ఎక్కడా నిలకడ లేదు. ఒప్పుకుంటే రూటు ఉంటుంది, కానీ ట్రూడీ బస్సు గొయ్యి ఎక్కకపోవడం తన పేరు మీద జరుగుతుంది. ఒప్పుకోకపోతే రూటు పోవచ్చు. అద్దంలో వెనక సీట్ల పిల్లల్ని చూస్తూ పైన్ వాళ్ళ గేటు దగ్గర ఆగడం మర్చిపోయి ముందుకెళ్ళిపోయింది ఒకసారి. "మిసెస్ హాకింగ్, మా ఇల్లు దాటిపోయింది," అని అరిచారు ఆ ఇంటి కవలపిల్లలు. బస్సుని మళ్ళీ వెనక్కి తీసుకొచ్చి ఆ గేటు ముందు ఆపింది.

బుధవారం గిన్నెలు తీసింది. ముందు నెవిల్ ఇంటికి. నెవిల్ భార్య జాయిస్ చర్చిలో ఆవిడ పక్క కుర్చీ మనిషి. ఆప్రికాట్ పళ్ళు వేసిన కోడికూర తెచ్చిన గిన్నె.

"ఇన్నాళ్ళకి తెచ్చావా? నేను దాని మీద ఆశ వదిలేసుకున్నా," అంది జాయిస్.

"మంచి కూర జాయ్. ఆ వారం నేను తిన్న కూడు అదొక్కటే." గ్లెనిస్ గుమ్మంలోనే నిలబడింది. "నెవ్‌కి చెప్పు. నా అంకె నేనే వేసుకుంటా. ఆయన అంకె ఆయన్ని వేసుకోమను. నాకు ఎక్కువా తక్కువా ఎవరూ చెప్పొద్దు."

జాయిస్ మొహం ముడుచుకుంది. "వాళ్ళు నీ కోసం చేస్తున్నారు గ్లెన్."

"తెలుసు. అందుకే నాకు నిద్ర పట్టట్లేదు."

"ఇంతకాలం ఆ ధరల మీదే కదా మనం పిల్లల్ని పెంచుకున్నది. ఇప్పుడు నీకు చేదైందా?"

గ్లెనిస్ గిన్నె జాయిస్ చేతుల్లో పెట్టి వచ్చేసింది.

గురువారం పొద్దున గ్లెనిస్ బస్సుకి బెర్నీ షెడ్డులో ఫిట్‌నెస్ చూసే వంతు. క్లైవ్ బతికుండగా పెట్టించిన వంతు అది, ప్రతి ఏడూ అదే రోజు. పిల్లల్ని దింపి బస్సు షెడ్డు ముందుకి తెచ్చింది. వెనకే ఇంకో బస్సు వచ్చి ఆగింది. ట్రూడీ.

బెర్నీ చేతులు గుడ్డకి తుడుచుకుంటూ బయటికొచ్చాడు. "ఇదేంటి, ఊరేగింపా?"

"నా వంతు ట్రూడీకి ఇస్తున్నా," అంది గ్లెనిస్. "దాని బస్సు ముందు చూడు. తర్వాత తీరికుంటే నాది చూడు."

బెర్నీ రెండు బస్సుల్నీ మార్చిమార్చి చూశాడు. "గ్లెన్, పిచ్చిపట్టిందా నీకు? దీనికి కాగితమిస్తే నీ రూటు తన్నుకుపోతుంది. నాకు తీరిక లేకపోతే నీకూ కాగితం ఉండదు, అసలు టెండరే వెయ్యలేవు."

"అవును."

"నెవ్ చెప్పాడు నీ సంగతి. నువ్వు గనక ఎవరికైనా ఫోన్ చేశావంటే అందులో క్లైవ్ పేరు కూడా వస్తుంది. పోయినవాడి పేరు పేపర్లో వేయిస్తావా?"

గ్లెనిస్ బస్సు తలుపు పట్టుకుంది. "వస్తే ముందు ఆయన పేరే వస్తుంది బెర్నీ. బల్ల మాది. స్కోన్లు నావి. నేనింకా ఫోన్ చెయ్యలేదు. ముందు చేసినవాళ్ళకే మన్నింపట. నెవ్ చేస్తాడో, నువ్వు చేస్తావో నాకు తెలీదు."

"నెవ్ చెయ్యడు," అన్నాడు బెర్నీ. అన్నాక, నెవిల్ ఇల్లున్న వైపు తల తిప్పి చూశాడు.

ట్రూడీ ఇంతసేపూ స్టీరింగు వదల్లేదు. "ఎక్కించనా, వద్దా? నా పిండి పొంగిపోతుంది అక్కడ," అంది కిటికీలోంచి.

బెర్నీ గుడ్డని భుజాన వేసుకుని, పక్కకి తప్పుకుని, చేత్తో రమ్మన్నాడు. బస్సు గొయ్యి మీదకి ఎక్కింది. లైటు పట్టుకుని కిందకి దిగి చాలాసేపు చూశాడు. వంకలు వెతుకుతున్నాడని ఇద్దరికీ తెలుసు. చివరికి బయటికొచ్చి, "ఒక లైటు వెలగట్లేదు," అన్నాడు. ట్రూడీ అప్పటికప్పుడు కొత్త బల్బు కొని అక్కడే వేయించి కాగితం తీసుకుంది. తర్వాత గ్లెనిస్ బస్సు చూశాడు. కాగితం ఇచ్చేటప్పుడు ఆవిడ కళ్ళలోకి చూడలేదు.

ఇంటికొచ్చాక గ్లెనిస్ మూడు రూట్ల కాగితాలూ పరిచింది. బెర్నీ చెప్పిన ప్రకారమైతే తన రూటుకి ఒక అంకె, మిగతా రెండింటికీ గెలవకుండా ఎత్తున ఒక అంకె. ఆవిడ అలా వెయ్యలేదు. డీజిలు, టైర్లు, తన కష్టం, బస్సు అరుగుదల అన్నీ కూడి ఒక్కో రూటుకీ నిజంగా ఎంతవుతుందో అంత వేసింది. నెవిల్ రూటు తన ఇంటికి దూరం, అందుకే అది ఎక్కువ తేలింది. పడమటి రూటుకి తేలిన అంకె క్లైవ్ వేసేదానికి చాలా కింద ఉంది. ఆ తేడా చూసి మళ్ళీ మొదటినుంచి కూడింది, అదే తేలింది. ఇక ఉప్పుచెరువు రూటు. అది సరిగ్గా తన పెరటి కంచె వెనక నుంచే మొదలవుతుంది. ఖాళీ బస్సు తిప్పుకుంటూ పోయే పనే లేదు. ఇన్నేళ్ళూ ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు, అది బెర్నీది కాబట్టి. అంకె వేసి, ట్రూడీ ఎగతాళి గుర్తొచ్చి, కొట్టేద్దామా అని పెన్ను పట్టుకుని, ఉంచేసింది. చివరి పేజీలో సంతకం పెట్టింది. మాట్లాడలేదు అన్న మాట పూర్తిగా నిజం కాదు. మాట్లాడారు, నేను ఒప్పుకోలేదు అని దాని పక్కన రాసి, మళ్ళీ సంతకం పెట్టింది.

తర్వాతి వారాల్లో ఊళ్ళో ఒక వింత జరిగింది. నెవిల్, బెర్నీ క్లబ్బులో చెరో మూలా కూర్చోవడం మొదలుపెట్టారు. ఒకడు ఫోన్ తీస్తే రెండోవాడు తాగే గ్లాసు ఆపేవాడు. జాయిస్ చర్చిలో గ్లెనిస్ పక్క కుర్చీ వదిలేసి ముందు వరసకి వెళ్ళింది. ఎవరు ఎవరికి చెప్పారో ఎవరికీ తెలీదు. అసలు చెప్పారో లేదో కూడా తెలీదు.

డిసెంబరులో ఫలితాలు వచ్చాయి. పడమటి రూటు ట్రూడీకి పోయింది. చిన్న తేడాతోనే, కానీ పోయింది. గ్లెనిస్ ఆ మాట నిలబడే చదివింది. కింద ఇంకో మాట ఉంది. దాన్ని కూర్చుని చదివింది. ఉప్పుచెరువు రూటు ఆవిడది. నెవిల్ భయంతో తన అంకె బాగా దించుకుని తన రూటు నిలబెట్టుకున్నాడు. బెర్నీకి మాత్రం తన రూటుకి ఎవరైనా అడ్డొస్తారన్న ఆలోచనే రాలేదు. పడమటి రూటు కోసం ఇంత గొడవపడి, తన కాగితం మీద మాత్రం ఎప్పటిలా పెద్ద అంకె వేసుకున్నాడు.

జనవరిలో బడి తెరిచే ముందు గ్లెనిస్ బ్రేకులు చూపించుకోడానికి మళ్ళీ ఆ షెడ్డుకే వెళ్ళాల్సొచ్చింది.

"నా రూటు నడపడానికి నా గొయ్యి మీదకే తెస్తావా?" అన్నాడు బెర్నీ.

"ఇంకో గొయ్యి ఎక్కడుంది బెర్నీ? ఎవర్నైనా పెట్టుకోనిచ్చారా మీరు?"

బెర్నీ కోపంగా చూశాడు. చూస్తూ చూస్తూ ఏమైందో, ముక్కులోంచి నవ్వు వచ్చింది. "కొలిమిగుట్ట దాటాక రోడ్డు ఇసక," అన్నాడు గోతిలోకి దిగుతూ. "మెల్లిగా పో. బ్రేకు గట్టిగా తొక్కావంటే చెరువులో తేలతావు."

బడి తెరిచిన రోజు పెరటి వెనక దారి ఊరి బయట నాలుగు రోడ్ల కూడలిలో కలిసేచోట గ్లెనిస్ చేతులు వాటంతటవే పడమటికి తిరిగాయి. ఎదురుగా ట్రూడీ బస్సు వచ్చి ఆగింది. దీపాలు ఒకసారి వెలిగించి ఆర్పి, నువ్వే ముందు పో అన్నట్టు ఆగింది ట్రూడీ. గ్లెనిస్ స్టీరింగు మళ్ళీ తిప్పుకుని, తనే ఆగి, ట్రూడీని పొమ్మని చెయ్యి ఊపింది. పడమటి గోధుమ గోదాముల వైపు, పైన్ వాళ్ళ గేటు వైపు, క్లైవ్ బల్లుల్ని దించిన గట్ల వైపు ఒకసారి చూసింది. అటు దుమ్ము లేస్తోంది, ట్రూడీ బస్సుది.

ఉప్పుచెరువు దారి తెల్లగా, ఎండకి కళ్ళు చికిలించేలా ఉంది. ఏ మలుపూ తనకి తెలీదు. ఏ చెట్టు దగ్గరా ఆయన ఆగలేదు. వెన్ను వెనక సీటు లోతుగానే ఉంది. గులాబిరంగు చిలకల గుంపు ఒకటి రోడ్డు మీంచి లేచి, బస్సు దాటాక మళ్ళీ అక్కడే వాలింది.

మొదటి గేటు దగ్గర ఒక అమ్మాయి, వాళ్ళమ్మ నిలబడ్డారు. గ్లెనిస్ తలుపు తీసి, పక్కన పెట్టుకున్న నీలం అంచు గిన్నె ఎత్తి చూపించింది.

"ఇది మీదేనా?"

తల్లి తల అడ్డంగా ఊపింది. "కాదండీ. పేరు చెరిగిందా?"

"చెరిగింది. ఊళ్ళో అందర్నీ అడిగాను. ఇటువైపు ఎవరిదో అయ్యుండాలి."

"కావలిగట్టు వాళ్ళని అడగండి. అక్కడావిడ అందరికీ వండి పంపుతుంది."

పిల్ల ఎక్కి కిటికీ పక్క సీట్లో కూర్చుంది. గ్లెనిస్ గిన్నెని మళ్ళీ పక్కన పెట్టి, జారకుండా ఒక తువ్వాలు చుట్టి, గేరు వేసింది. కావలిగట్టు ఎక్కడో ఆవిడకి తెలీదు. ముందుకి పోతే వస్తుందనుకుంది. ఇసక మొదలైంది. బ్రేకు జోలికి పోకుండా మెల్లిగా నడిపింది.